మాస్టారు సగంలో ఆపిన పాట

కువైట్‌లో, రిగ్గైలో మా పళ్ళ క్లినిక్కు తలుపు తీయగానే లవంగనూనె వాసన వస్తుంది. పొద్దున్నే తాళం తీసేది నేనే కాబట్టి ఆ వాసన ముందు తగిలేదీ నాకే. వచ్చేవాళ్ళకి అది పంటినొప్పి వాసన. నాకు మాత్రం అది శాక్సాఫోను వాసన. నవ్వకండి. రత్నం మాస్టారు నొప్పి తెలియకుండా దవడలో లవంగం పెట్టుకుని వాయించేవారు. ఆయన పక్కన నిలబడి పాడుతుంటే ఆ శాక్సులోంచి పాటతోపాటు లవంగం ఘాటు కూడా వచ్చేది. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా కొన్ని రోజులు తలుపు తీసి, లైటు కూడా వేయకుండా అలాగే నిలబడిపోతాను. డాక్టరుగారు వెనక నుంచి వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టాక గాని కదలను.

ఆయన మొదటిసారి వచ్చింది కూడా పళ్ళు చూపించుకోవడానికే. సన్నటి మనిషి, ఇస్త్రీ మడత చెదరని పొడుగు చేతుల చొక్కా, చేతిలో నల్లటి పెట్టె. డాక్టరుగారు చూసి, పై వరసలో ముందు పళ్ళు రెండూ కుదుళ్ళతో సహా కదిలిపోయాయి, తీసేయాల్సిందే అన్నారు. మాస్టారు నావైపు తిరిగారు. నా మాట వినగానే కోనసీమ మనిషినని పట్టేసినట్టున్నారు. "అమ్మాయ్, ఈ రెండూ పోతే నా శాక్సు మూగబోద్దని డాక్టరుగారికి కాస్త చెప్పు" అన్నారు. నాకు అర్థం కాలేదు. పెట్టె తెరిచి చూపించారు. మూతి దగ్గర ముక్క మీద పై పళ్ళు గట్టిగా ఆనించాలట, అప్పుడే గాలి నిలుస్తుందట. అదంతా నాకు వచ్చిన అరబ్బీలో డాక్టరుగారికి చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆయన భుజాలెగరేసి, మందులు వాడుతూ కొన్నాళ్ళు లాగవచ్చు, వాపు వచ్చిందంటే మాత్రం ఖలాస్ అన్నారు. "ఆ కొన్నాళ్ళే కావాలి నాకు. ఒక్క రికార్డు చేసుకోవాలి" అన్నారు మాస్టారు.

ఆ ఒక్క రికార్డు వెనక ఎంత ఉందో తరవాత తెలిసింది. మాస్టారి నాన్నగారిది పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండు మేళం. ఆ మేళంలోనే క్లారినెట్టు పట్టిన ఈ కొడుకు వాల్తేరు చేరి, రైల్వే వాళ్ళ క్లబ్బులో ఆంగ్లో ఇండియన్లు జంటలు జంటలుగా డాన్సులాడుతుంటే చూసి మతి పోగొట్టుకున్నాడు. గ్రామఫోను ప్లేట్లు విని విని జాజ్ నేర్చుకున్నాడు. మద్రాసులో ఒక పెద్ద హోటల్లో సొంత డాన్సు బ్యాండు నడిపాడు. అక్కడ రెండు ప్లేట్లు తీశారు గాని వాటి మీద హోటలు పేరే వేశారు, ఈయన పేరు లేదు. అక్కడి నుంచి కువైట్ వచ్చి సముద్రం ఒడ్డున ఒక హోటల్లో మళ్ళీ బ్యాండు కట్టారు. ఆ రోజుల్లో చేసిన టేపులన్నీ ఇరాక్ వాళ్ళు దండెత్తిన యుద్ధంలో పోయాయి. బ్యాండువాళ్ళు తలో దేశం పట్టారు. నేను కలిసేనాటికి మాస్టారు మిర్కాబ్‌లో ఒక వాయిద్యాల దుకాణంలో మరమ్మతులు చేస్తున్నారు. ఇన్నేళ్ళు వాయించిన మనిషి దగ్గర తను వాయించినది వినిపించడానికి ఒక్క ముక్క కూడా లేదు.

నన్ను బ్యాండులోకి లాగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వంతు రాగానే పేరు పెట్టి పిలవడం క్లినిక్కులో నా పని. రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు మాస్టారు కూర్చుని అది వింటున్నారు. "నువ్వు పిలిస్తే పళ్ళు పీకించుకునేవాడు కూడా పెళ్ళికొచ్చినట్టు లేచొస్తున్నాడు. ఆ గొంతు నాకు కావాలమ్మాయ్" అన్నారు. "నాకు పాటలేం వచ్చండీ! కార్తీకమాసంలో ఆడాళ్ళతో కలిసి పాడ్డం తప్ప" అన్నాను. "ఆయ్, అదే కావాలి. గుంపులో పాడినోళ్ళకి పక్కోళ్ళ ఊపిరి వినబడద్ది" అన్నారు. అలా శుక్రవారాలు నావి కాకుండా పోయాయి. ట్రంపెట్టు ఊదే గోవా మనిషి ఫెలిక్స్, ఒక అరబ్బీ ఇంట్లో కారు నడుపుతూ సెలవు రోజు డ్రమ్ములు కొట్టే రాయచోటి రెడ్డెప్ప, మాస్టారు, నేను. అదీ మా బ్యాండు.

ఒకసారి ఒక పెళ్ళిరోజు పార్టీలో వాయిస్తుంటే మాస్టారు పాట నడక బాగా తగ్గించేశారు. రెడ్డెప్పకి చేతులు ఊరుకోలేదు. "ఏం సార్, ఇంత నిమ్మళంగా కొడితే జనాలు నిలబడే నిద్రపోతారు" అన్నాడు. మాస్టారు కళ్ళతోనే మూలకి చూపించారు. అక్కడ ఒక ముసలి జంట చేతులు పట్టుకుని మెల్లగా తిరుగుతోంది. "ఆ పెద్దాయన మోకాలు చూడు రెడ్డెప్పా. ఆళ్ళిద్దరూ పడకుండా కుర్చీ దాకా చేరాలా వద్దా? ఆ తరవాత నీ ఇష్టం వచ్చినట్టు వాయించు." ఊరేగింపులో వాళ్ళ నాన్నగారు పెళ్ళికొడుకు వైపు చూసేవారు కాదట, అందరికంటే వెనకపడ్డ ముసలమ్మని చూసి నడక పెట్టేవారట. జాజ్ అయితే మాత్రం ఏం, నడిచే కాళ్ళు కాళ్ళేగా అనేవారు మాస్టారు. నేను అంతవరకూ పాడేటప్పుడు కళ్ళు మూసుకునేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను.

రికార్డింగు అబూ హలీఫాలో ఫెలిక్స్ ఫ్లాట్‌లో పెట్టుకున్నాం. పాట మాస్టారు కట్టినదే, పేరు 'పంటు మీద సాయంత్రం'. గోదావరి దాటించే పంటు మీద నిలబడి ఒడ్డు దూరమవుతుంటే చూసినట్టుండే నెమ్మదైన డాన్సు పాట. కిటికీలకు దుప్పట్లు కట్టాం. చప్పుడు పడుతుందని ఏసీ ఆపేశాం. కువైట్ ఎండలో ఏసీ ఆపిన గది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, చొక్కాలు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. మాస్టారి పంటినొప్పి అప్పటికే ముదిరిపోయింది. రెండు మూడుసార్లు ఎవరో ఒకరం తప్పు చేశాం. చివరికి కుదిరింది. నా చరణం అయింది. మాస్టారు అందుకున్నారు. కిందిస్వరంలో మొదలుపెట్టి, రావలసిన చోట రాకుండా కాస్త ఆలస్యంగా వస్తూ, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. రెడ్డెప్ప డ్రమ్ములు కొడుతూనే భుజానికి కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇక పైస్వరానికి వెళ్ళిపోతారు అనుకుంటుండగా ఆయన శాక్సు నోట్లోంచి తీసేశారు.

"ఆపండర్రా."

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఫెలిక్స్ "క్యా హువా మాస్టర్‌జీ?" అని గాభరాగా లేచాడు. పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నారన్నారు మాస్టారు. అందరం చెవులు రిక్కించాం. నిజమే, గోడ అవతల ఆడమనిషి ఏడుపు, ఆగి ఆగి. ఏసీ నడుస్తూ ఉంటే తెలిసేదే కాదు. "చావు ఏడుపది. చావింటి ముందు మేళం వాయించకూడదు" అన్నారు మాస్టారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "తలుపులన్నీ వేసే ఉన్నాయండీ. ఈ ఒక్కటీ అవనియ్యండి మాస్టారూ, ఆవిడకి వినబడదండీ" అని బతిమాలాను.

"మనకి వినబడిందిగా అమ్మాయ్" అన్నారు, పెట్టె మూస్తూ.

వెళ్ళి తలుపు తట్టాం. కడప వైపు ఆడమనిషి, ఇళ్ళల్లో పని చేసుకుంటుందట. రెడ్డెప్ప మాట వినగానే గోడకి ఆనుకుని కూలబడింది. "మాయమ్మ పోయింద్యన్నా. పొద్దన్నే ఫోను చేసినారు. పాసుపోర్టు అడిగితే మామా సాయంత్రం చూస్తాననె. సాయంత్రమైతే ఇమానం యాడ దొరుకుతాది?" అంది. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి అరబ్బీ యజమానురాలు, పాసుపోర్టు ఆవిడ దగ్గరే ఉంటుంది. మాస్టారు రెడ్డెప్ప భుజం మీద చెయ్యి వేసి, "కారు తియ్యి. ఈమెని ఆ మామా ఇంటికే తీసుకెళ్ళు, పాసుపోర్టు ఇచ్చేదాకా అక్కడే కూర్చో" అన్నారు. "పా చెల్లీ, నేనొచ్చి మాట్లాడతా. ఇయ్యకుండా యాడికి పోతాది?" అంటూ రెడ్డెప్ప చెప్పులు వేసుకున్నాడు. డ్రమ్ములు కొట్టేవాడే వెళ్ళాక ఇక రికార్డింగు ఎక్కడిది? "మళ్ళీ శుక్రవారం దాకా మీ పళ్ళు ఆగుతాయా అండీ?" అని అడిగాను, కోపం దాచుకోలేక. "ఆగితే వాయిద్దాం" అన్నారు.

ఆగలేదు. శుక్రవారం రాకముందే ముఖం సగం వాచి, జ్వరంతో వచ్చారు. డాక్టరుగారు రెండు పళ్ళూ తీసేస్తుంటే కుర్చీ పక్కన ఆ నల్ల పెట్టె పట్టుకుని నిలబడింది నేనే. తరవాత కట్టుడు పళ్ళతో ప్రయత్నించారు. గాలి పక్కలనుంచి పోయి కీచుమనేది. ఒకటి రెండుసార్లు చూసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టె మూసేశారు. ఆ తరవాత కూడా శుక్రవారాలు వచ్చేవారు, వట్టి చేతులతో కూర్చుని మా అందరికీ వేలితో తాళం చూపించేవారు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా గడువు అయిపోయాక ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన పోయిన కబురు నాకు ఫోనులో తెలిసింది. ఆ కడప మనిషి ఆ రోజే విమానం ఎక్కి తల్లిని చివరిచూపు చూసుకుందని రెడ్డెప్ప చెప్పాడు. సంతోషమే. మాస్టారు చేసింది తప్పని నేనెప్పుడూ అనలేదు, అనను. కానీ నాకు ఆ పాట కావాలి. ఇన్నేళ్ళయినా ఆ కోరిక చావలేదు.

ఫెలిక్స్ గోవా వెళ్ళిపోయేముందు ఆ రోజు పడినంతవరకూ నా ఫోనులో వేసిచ్చాడు. చివర్లో ఉన్న మాటలు కత్తిరించనా అని అడిగితే వద్దన్నాను. నా చరణం, మాస్టారి శాక్సు, "ఆపండర్రా" అన్న మాట, కుర్చీ జరిగిన చప్పుడు, అంతే. చెవి దగ్గర పెట్టుకుని, శబ్దం పూర్తిగా పెంచి ఎన్నోసార్లు వెతికాను. ఆ ఏడుపు మాత్రం అందులో ఎక్కడా లేదు. మైకులు దాన్ని పట్టలేదు. శుక్రవారాలు వంట ముగించుకుని కూర్చుని ఇప్పటికీ వింటాను. ఆయన మెట్టు మెట్టూ ఎక్కుతూ పైస్వరం దగ్గరికి వస్తుంటే నా ఊపిరి నిలిచిపోతుంది. ఈ ఒక్కసారికీ ఆపకండి మాస్టారూ అంటాను, పైకే. ఆయన ఆపుతారు.