ఆమేన్ అంటే వచ్చే నెట్

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంటర్నెట్ 'ఆమేన్' అంటే వచ్చేది. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది గానీ అప్పుడు అందులో నవ్వాల్సిన విషయం ఏదీ కనిపించలేదు. ఫ్యానుకి స్విచ్చి, కుళాయికి మర, నెట్‌కి ఆమేన్. దేని పద్ధతి దానిది అనుకుని రెండున్నర నెలలు నడిపేశాను. ఇందులో ఏదో ప్రమాదం ఉందని నాకు మొట్టమొదట తెలిసింది ఒక ఆదివారం, మా గుండుగొలను చర్చి వరండాలో. సండేస్కూలు టీచరమ్మ పిల్లల్ని కూర్చోబెట్టి, "ప్రార్థన చేస్తే దేవుడు మనకేమిస్తాడు?" అని అడిగింది. ఒకడు "ఆరోగ్యం" అన్నాడు. ఒక పిల్ల "మంచి బుద్ధి" అంది. నాలుగేళ్ళ మా బుజ్జమ్మ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "వైఫై అండీ" అంది.

పిల్లలు గొల్లుమన్నారు. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచేశాను. అంతటితో పోయినా బాగుండేది. ఆరాధన అయ్యాక పక్కవీధి పిన్నిగారు మా అత్తయ్య చెయ్యి పట్టుకుని, "టీచరుగారూ, మీరు ఆమేన్ అంటే నెట్ వస్తుందటగా. మా బోరు మోటారు కూడా వారం నుంచి మొరాయిస్తోందండీ. వీలు చూసుకుని ఒక్కసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్దురూ," అని బతిమాలింది. మా అత్తయ్య ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పిన్నిగారికి ఏదో మెత్తగా సమాధానం చెప్పి, నా వైపు ఒక్క చూపు చూశారు. హోంవర్కు చేయకుండా వచ్చిన పిల్లని చూసే చూపు అది.

అసలు ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలి. నాది తాడేపల్లిగూడెం. ఇంజనీరింగూ అక్కడే చదివాను (అదీ కంప్యూటర్లే. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోకండి). పెళ్ళయి గుండుగొలను వచ్చాను. మావారు కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పని చూసేవారు, పొద్దున్న వెళ్తే సాయంత్రమే రావడం. ఇద్దరు పిల్లలు పుట్టాక, ఇంట్లోనే కూర్చుని ఆసుపత్రి రికార్డులు టైపు చేసే ఉద్యోగం ఒకటి నాకు దొరికింది. మొదటి మూడు నెలలూ పరీక్షా కాలం. రోజూ తొమ్మిది లోపు తెర మీద హాజరు వేసుకోవాలి. తొమ్మిది దాటితే నా పేరు పక్కన ఎర్ర గడి. మూడు ఎర్ర గడులు పడితే ఇక రానక్కర్లేదు. చదువు ముగిసిన ఆరేళ్ళకి నాకంటూ వచ్చిన మొదటి ఉద్యోగం అది. అదీ పోతే ఇంకెవరూ పిలవరని నాకు గట్టి నమ్మకం. అందుకే రాత్రి కలలో కూడా ఎర్ర గడులే.

లాప్‌టాప్ మా తమ్ముడిచ్చాడు. వాడు ఏలూరులో ఒక కాలేజీ కంప్యూటరు ల్యాబు చూసుకుంటాడు. అక్కడ ఏళ్ళ తరబడి ఒకే బల్ల మీద పనిచేసి, పాతదైపోయిందని పక్కన పెట్టేసిన దాన్ని అడిగి తెచ్చి, దులిపి, లోపలున్న లైనక్స్ సిస్టం మాత్రం అలాగే ఉంచి నా చేతిలో పెట్టాడు. "వైరస్‌లు రావక్కా, నిశ్చింతగా ఉండు," అన్నాడు. నేనూ నిశ్చింతా ఒక ఇంట్లో ఉన్నది తక్కువ. ఒకే ఒక్క ఇబ్బంది, ఆన్ చేయగానే అన్నీ వచ్చేవి, నెట్ మాత్రం వచ్చేది కాదు. తెర మూలన ఆ గుర్తు బూడిద రంగులో అలా పడి ఉండి, కొంతసేపటికి దానంతటదే వెలిగేది. ముందుగానే ఆన్ చేసి ఉంచుకోవచ్చుగా అంటారేమో (మావారూ అదే అన్నారు). రెండేళ్ళ మా చంటోడికి లాప్‌టాప్ వెలుగు కనబడితే చాలు, వచ్చి మీటలు పీకేవాడు. అప్పటికే ఒకటి పీకి ఎక్కడో పారేశాడు కూడా. అందుకని అది బీరువా మీద ఉండేది. మావారికి క్యారేజీ కట్టి, వాడికి నాలుగు ముద్దలు పెట్టి, వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టాకే దాన్ని కిందికి దించడం. అప్పటికి తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువయ్యేది.

మొదటిరోజు నేను బటన్ నొక్కి గోళ్ళు కొరుక్కుంటుంటే అత్తయ్య వచ్చి, "కొత్త ఉద్యోగం కదమ్మా, రా, ప్రార్థన చేసుకుందాం," అన్నారు. పిల్లలు చేతులు జోడించారు. అత్తయ్య ప్రార్థన తొందరా ఉండదు, సాగతీతా ఉండదు. ఆవిడ ఆమేన్ అన్నారు, నేను కళ్ళు తెరిచాను, నెట్ వచ్చింది. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. నాలుగోరోజు చంటోడి పేచీ వల్ల తొమ్మిదికి నిమిషం ఉందనగా బటన్ నొక్కాను, ప్రార్థన మధ్యలో పాలు పొంగాయి. అత్తయ్య ఆపి వంటింట్లోకి పరుగెత్తారు. చూద్దును కదా, నెట్ రాలేదు! స్టవ్వు కట్టేసి ఆవిడ తిరిగొచ్చి, వదిలిన దగ్గర నుంచి ఎత్తుకుని ముగించేసరికి వచ్చింది గానీ తొమ్మిది దాటింది. మొదటి ఎర్ర గడి. ఆ రోజుతో నా ఇంజనీరింగు చదువు మొత్తం ఆ పొంగిన పాలలోనే కొట్టుకుపోయింది. అప్పటినుంచి ప్రార్థనవేళ పొయ్యి మీద ఏదీ పెట్టనిచ్చేదాన్ని కాదు.

రెండో గడి కథ ఇంకా అన్యాయం. అత్తయ్య కంటి పరీక్షకని పొద్దున్నే ఏలూరు బస్సెక్కారు. ఆవిడ లేక పనంతా ఆలస్యమై, తొమ్మిదికి నిమిషం ఉందనగా నేను బటన్ నొక్కి, కళ్ళు మూసుకుని, "దేవా, నెట్ ఇప్పించు, ఆమేన్," అన్నాను. రాలేదు. మళ్ళీ అన్నాను. రాలేదు. గడియారం చూసి అత్తయ్యకి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, నెట్ రావట్లేదండీ. ఒక్కసారి ప్రార్థన చేద్దురూ!"

"బస్సులో ఉన్నానమ్మా. నువ్వు చేసుకోలేవా?"

"చేశానండీ. నాది పనిచెయ్యట్లేదు."

"అదేం మాటమ్మా! సర్లే, ఉండు."

ఆవిడ గొంతు తగ్గించే మొదలుపెట్టారు గానీ, ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు ఎంత తగ్గితే ఎంత. మధ్యలో ఎవరో "టికెట్, టికెట్" అంటే, ఇంకెవరో "ఆగవయ్యా, మామ్మగారు ప్రార్థనలో ఉన్నారు" అని కసిరారు. చివరికి ఆవిడ కాస్త కుదించి ఆమేన్ అంటే సగం బస్సు ఆమేన్ అంది. ఆ క్షణాన మా ఇంట్లో నెట్ వెలిగింది. తొమ్మిది దాటి ఒక్క నిమిషం. రెండో ఎర్ర గడి. అయినా నాకు ఉద్యోగం కన్నా బస్సు మీద గౌరవం పెరిగింది.

పిల్లలు ఇదంతా చూస్తూనే ఉన్నారు. చూసిందే బుజ్జమ్మ సండేస్కూల్లో చెప్పింది. ఇల్లు చేరాక అత్తయ్య కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏమ్మా, నువ్వు కంప్యూటర్లు చదివావు కదూ?"

"అవునండీ."

"మరి రోజూ అది రావడానికి ఎంతసేపు పడుతోందో ఒక్కనాడైనా గడియారం పెట్టి చూశావా?"

చూడలేదు. నేను కళ్ళు మూసుకునే ఉండేదాన్ని కదా!

"మన మాటకే దేవుడు పంపుతున్నాడనుకో, ఒకరోజు ముందూ ఒకరోజు వెనకా ఉండాలిగా. పట్రా ఆ గడియారం."

ఆ మధ్యాహ్నం మా వంటింటి బల్ల సైన్సు ల్యాబైంది. లాప్‌టాప్‌ని మూడుసార్లు ఆపి వెలిగించాం. ఒకసారి ఆవిడ ప్రార్థన చేశారు. ఒకసారి ఇద్దరం ఊరికే కూర్చున్నాం. మూడోసారి ఆవిడ ఉల్లిపాయలు తరిగారు. మూడుసార్లూ రెండు నిమిషాల మీద అయిదారు సెకన్లు. "చూశావా, ఉల్లిపాయలకి కూడా వస్తోంది," అన్నారు అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. ప్రభుత్వ పరీక్షల్లో తప్పినప్పుడు కూడా నేను అంత సిగ్గుపడలేదు. పరీక్షా కాలం ఇంకో పది రోజులుంది. ఇంకొక్క గడికే చోటుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. రెండున్నర నెలల కథ విని వాడు అయిదు నిమిషాలు నవ్వి, తర్వాత ఒక కమాండ్ చెప్పాడు. మెషీన్ లేచేటప్పుడు ఏ పనికి ఎంతసేపు పట్టిందో వరసగా చూపించే కమాండ్. దాని చివర 'బ్లేమ్' అని ఉంది. తప్పెవరిదని యంత్రమే విచారణ పెట్టినట్టు. నా పేరే పైన వస్తుందేమోనని ఒక్క క్షణం భయమేసింది. పైన వచ్చింది నెట్‌వర్కు, పక్కనే రెండు నిమిషాల చిల్లర.

"అక్కా, అది కేబుల్ కోసం చూస్తోందే. మా ల్యాబులో ఎప్పుడూ దానికి తీగ పెట్టే ఉండేది. లేవగానే ముందు ఆ తీగని వెతుక్కుంటోంది. రెండు నిమిషాలు చూసి, ఇక రాదులే అనుకుని అప్పుడు వైఫై దగ్గరికి పోతోంది. నేను ఇచ్చేటప్పుడే మార్చాల్సింది, మర్చిపోయాను."

"పాపం," అన్నారు అత్తయ్య, లాప్‌టాప్ వైపు చూసి.

మందు చిన్నదే. ఒక ఫైలు తెరిచి, తీగ గురించిన వరసల ముందు నిలువూ అడ్డం గీతల గుర్తు, ఆ హాష్ పెడితే, యంత్రం ఆ వరసల్ని చదవకుండా దాటేస్తుందట. కానీ మా చంటోడు పీకేసిన మీట సరిగ్గా ఆ మూడు అంకెదే, హాష్ ఉండేదీ దాని మీదే! చివరికి నేను షిఫ్ట్ నొక్కిపట్టుకుంటే, అత్తయ్య చీపురుపుల్లతో ఆ గుంటలో పొడిచారు. మొదటిసారి తొమ్మిది హాష్‌లు పడ్డాయి. చెరిపి మళ్ళీ పొడిచారు. ఆపి వెలిగించాం. నేను ఊపిరి పీల్చేలోపు నెట్ వచ్చేసింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదికి నాలుగు నిమిషాలుండగానే నా హాజరు పడిపోయింది (పది రోజుల తర్వాత ఉద్యోగం ఖాయమైన ఉత్తరమూ వచ్చింది, అది వేరే సంగతి). అత్తయ్య అలవాటుగా వచ్చి ప్రార్థన మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను కళ్ళు మూసుకున్నానని చెప్పడం కూడా పూర్తి నిజం కాదని. ఒక కన్ను ఎప్పుడూ తెర మూలనే ఉండేది, చెవి ఆమేన్ మీదే ఉండేది. ఆ రోజు చూడ్డానికి అక్కడ ఏమీ మిగల్లేదు. చేసేది లేక మొట్టమొదటిసారి ఆవిడ మాటలు విన్నాను. అందులో నెట్ లేదు. ఉద్యోగం కూడా లేదు. "ఈ బిడ్డ కంగారు తీసెయ్యి ప్రభువా. రాత్రిళ్ళు సరిగ్గా పడుకోవట్లేదు. తిండి సయించట్లేదు. దాని గుండె నెమ్మదిపరచు," అని, మెల్లగా, తొందర లేకుండా, రెండు నిమిషాలు. రోజూ నా పక్కనే నిలబడి ఆవిడ ఇదే అడుగుతుంటే, ఎప్పుడు ముగుస్తుందా అని నేను లెక్క చూసుకుంటూ నిలబడ్డానన్నమాట. ఆ ఇరవయ్యేడేళ్ళ పిల్ల ఇప్పుడు కనబడితే భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి కాసిన్ని మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది. (ఆ కంగారు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. ఈ పేరా రాసేలోపు గ్యాసు కట్టేశానో లేదోనని రెండుసార్లు చూసొచ్చాను.)

బుజ్జమ్మ మాత్రం ఆ సోమవారమంతా ముఖం ముడుచుకునే తిరిగింది. నాన్నమ్మ నోరు తెరవకముందే నెట్ రావడం దానికి మోసంలా తోచింది. మర్నాడు పొద్దున్న చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, "నెట్ వచ్చేసిందిగా, ఇంక ప్రార్థనెందుకూ?" అంది. అక్కని చూసి చంటోడూ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అత్తయ్య, నీ ప్రశ్న నువ్వే చూసుకో అన్నట్టు నా వైపు చూశారు.

నేను కిందకి వంగి వాళ్ళిద్దరితో, "నాన్నమ్మ ఎప్పుడూ నెట్ అడగలేదర్రా. అమ్మ బాగుండాలని అడిగింది. నెట్ బాగైపోయింది, అమ్మకి ఇంకా టైం పట్టేలా ఉంది. కళ్ళు మూసుకోండి," అన్నాను.