అన్సెల్మో డోలు

ఆదివారం మా తుకుమాన్ ఫుట్‌బాల్ మైదానంలో గ్యాలరీ మెట్లు ఎక్కేసరికే అన్సెల్మోకు ఆయాసం వస్తుంది. పెద్ద డోలును పొట్టకు ఆనించుకుని, పట్టీ ఒరుసుకున్న భుజాన్ని ఒకసారి రుద్దుకుని నిలబడతాడు. ఇక ఆట అయ్యేదాకా కూర్చోడు. మా దగ్గర కూర్చోవడం మర్యాద కాదు. మావాళ్లు గోల్ కొడితే ఉరుకు దరువు, దానికి గెలుపు పాట; ఎదుటివాళ్లు కొడితే నిదానపు దరువు. ఏ దరువు పడితే దాని పాటను గ్యాలరీ అంతా అందుకోవాలి. డోలును ఒంటరిగా వదిలేసినవాడికి మళ్లీ మా మధ్య చోటుండదు. ఈ ఏడు మావాళ్లు గెలిచింది లేదు. నిదానపు దరువుతోనే అతని అరచేతులు కాయలు కాచాయి.

మొన్న ఎదుటి జట్టులో అతని కొడుకు బ్రౌలియో ఆడాడు. చివర్లో గోల్ కొట్టింది వాడే. కొట్టి, సంబరం చేసుకోకుండా, మా వైపు చూసి తల వంచుకున్నాడు. నిదానపు పాటకు గ్యాలరీ గొంతు సవరించుకుంది. అన్సెల్మో కర్ర ఎత్తాడు. పడింది ఉరుకు దరువు.

"గోల్ ఎటు పడిందో కనబడిందా పెద్దాయనా?" అన్నాడొకడు వెనక నుంచి.

అన్సెల్మో చెయ్యి ఆగలేదు. ఎన్నో ఏళ్లుగా అతని పక్కనే నిలబడే నిల్దా చేతిలోని మాతే తేనీటి బుర్ర కింద పెట్టి, అతని ముఖం చూసి, వెనక్కి తిరిగింది.

"డోలు మొదలైందిగా. నోర్మూసుకుని పాడు."

"నోరు మూసుకుని ఎట్లా పాడతారక్కా?"

ముందు ఆమె, తర్వాత గొణుక్కుంటూ మేమంతా, మా మీద పడ్డ గోల్‌కు మా గెలుపు పాట చివరిదాకా పాడాం.