రెండో శనివారం ఫిడేలు

నిన్న పొద్దున్న రాజోలు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "ఈ రెండో శనివారం మీ ఇంట్లో ఫిడేలుందా అండీ? మా అక్కయ్యని కూడా తీసుకురావచ్చా అండీ?" అని అడిగింది. "ఆయ్, రండి. నాలుగింటికల్లా వచ్చేయండి, ఇద్దరికీ చోటుంచుతాను" అన్నాను. మాట మర్యాదగానే వచ్చింది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా ఎడమచెయ్యి హాలు కిటికీ గడియ మీద ఉంది. తెరిచే ఉన్న కిటికీని మళ్ళీ తెరవబోతున్నాను. కచేరీ మాటెత్తితే చాలు, మూడేళ్ళుగా నా చెయ్యి ఇలాగే కిటికీ దగ్గరికి పోతోంది.

ఫిడేలంటే త్యాగరాజ కీర్తనలు వాయించే ఫిడేలు కాదు. వాయిద్యం అదే, పాట వేరు. మా మేష్టారి, అంటే మా ఆయన అక్కగారు, నాకు వదిన, ఐర్లండులో ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసి, రిటైరయి మా దగ్గరికి వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ ఉన్నది సముద్రం పక్కన చిన్న ఊరు. "ఏడాదిలో సగం రోజులు వానేనే. మన గోదారి లంకలో ఉన్నట్టే ఉండేది, బెంగపెట్టుకోడానికి తీరికేదీ!" అనేది. చలికాలం సాయంత్రాలు అక్కడివాళ్ళు ఎవరో ఒకరి వంటింట్లో చేరి వాయించుకుంటారట. వేదిక ఉండదు, మైకు ఉండదు, శాలువాలు అసలే ఉండవు. ఆవిడ సేవ చేసిన ఒక ముసలి రోగి మంచం మీద నుంచే ఆవిడకి ఫిడేలు నేర్పాడు. అప్పటికి ఆవిడకి నలభై రెండేళ్ళు. ఆయన పోయాక పిల్లలు ఆ ఫిడేలు ఆవిడకే ఇచ్చేశారు. రెండు సూట్‌కేసులతో, ఆ ఫిడేలుతో దిగిన మా వదిన వారం తిరక్కుండానే, "నెలకోసారి మన హాల్లో నలుగుర్నీ కూర్చోబెడదామే అమ్మాయ్" అంది. నేను లెక్కల టీచర్ని. నలుగురంటే నలుగురే అనుకుని ఒప్పుకున్నాను.

మొదటిసారి ఆరుగురు వచ్చారు. ఆవిడ గబగబా సాగే నాట్యం పాట ఒకటి, ఆ వెంటనే అవతలి ఒడ్డున ఉన్న మనిషిని ఎలుగెత్తి పిలుస్తున్నట్టు ఉండే నిదానం పాట ఒకటి వాయించింది. పక్కింటి రైతుగారు చాలాసేపు ఆలోచించి, "ఇది పెళ్ళిపాటా అండీ, చావుపాటా అండీ?" అని అడిగారు. "రెంటికీ ఇదేనండి, వేగం మారుతుందంతే" అంది వదిన. ఆ జవాబు ఆయనకి ఎంత నచ్చిందంటే, మరుసటి నెల ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి పాతికమంది అయ్యారు. అంతకు మించితే అది కచేరీ కాదు, మీటింగు అవుతుందని వదిన నియమం పెట్టింది. సోఫాలు వీధి వరండాలోకి వెళ్ళేవి, చాపలు హాల్లోకి వచ్చేవి. ఆటోల మోత వినపడకుండా కిటికీలన్నీ మూసేసేవాళ్ళం. మధ్యలో టీ, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు. ఈ మూయడాలూ పెట్టడాలూ నా శాఖ.

ఆ పాటలకి అక్కడ డప్పులాంటిదే ఒక వాయిద్యం ఉంటుందట. అందుకని వదిన మా పేటలోనే ఉన్న డప్పు బాబాయిని పిలిచింది. ఆయన మాకు దూరపు చుట్టం. డెబ్బై దాటాయి. జీవితమంతా డప్పు చెవికింద పెట్టుకోవడంతో చెవుడు వచ్చేసింది. మా మావగారు బతికుండగా డప్పు మా గడప తొక్కలేదు. చదువుకుని, మేష్టర్లమై, ఆ బతుకులోంచి బయటపడ్డామని ఆయనకి పట్టుదల. వీధిలో డప్పు మోగితే తలుపేసుకునేవారు. అలాంటి ఇంట్లో, ఆయన పటం కిందే, బాబాయి చాపమీద కూర్చుని డప్పు వాయించాడు. పాట ఆయనకి సరిగ్గా వినపడదు. వదిన పాదం చూసి వాయించేవాడు. ఆవిడ మడమ ఎక్కడ పడితే ఆయన పుల్ల అక్కడ పడేది. తప్పిందని ఒక్కసారి కూడా ఎవరూ అనలేదు.

మా పెరట్లో ఇరవై కొబ్బరిచెట్లు, వాటి వెనక వరిచేను, చేనుకింద గ్యాస్ పైపు. పైపు ఉన్నట్టు గుర్తుగా పసుపు రాళ్ళు పాతారు. మాకు పైపు అంటే భయం ఉండేది. ఈ చుట్టుపక్కల ఎవరికి లేదు కనక! కానీ రోజూ ఉండే భయం ఇంట్లో సామానులాంటిదైపోతుంది. ఆ రాళ్ళమీద తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళం.

మూడేళ్ళ కిందట, వానాకాలంలో, వదిన స్నేహితులు భార్యాభర్తలిద్దరు ఐర్లండు నుంచి వచ్చారు. ఆయన చెక్క వేణువు వాయిస్తారు, ఆవిడ పాడుతుంది. ఆ శనివారం కచేరీకి ఊళ్ళో ఎక్కడలేని సందడి. ఆయన పొట్టిక్కతోపాటు పనసాకుని కూడా నమలబోతే మా మేష్టారు లాఘవంగా ఆపారు. పొద్దుటినుంచీ ముసురు. నాలుగున్నరకి తెరిపిచ్చింది గాని గాలంతా తేమ. బాబాయి డప్పు నొక్కి చూసుకుని మొహం చిట్లించాడు.

"చర్మం దిగిపోయిందమ్మా టీచరమ్మా. కాసింత సెగ సూపించాలండి," అన్నాడు.

తేమకి చర్మం వదులైతే డప్పు మూగబోతుంది, మంటకి కాచాలి. నేనే పెరటి పాకలో ఎండు కొబ్బరిపీచు తీసిపెట్టాను. అగ్గిపెట్టె కూడా నేనే ఆయన చేతిలో పెట్టాను. "ఇప్పుడే వద్దు బాబాయ్, ఆవిడ పాడే నిదానం పాటకి డప్పుండదు కదా, అప్పుడు వెళ్ళి కాచుకో" అని సైగలతో చెప్పాను. ఆయన తలూపి, అగ్గిపెట్టె తడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ పాట మొదలుపెట్టింది. నేను టీ వెచ్చబెడదామని వంటింట్లోకి వెళ్ళాను. లైటర్ చేతిలోకి తీసుకున్నాక వాసన తగిలింది. వంటగ్యాస్ వాసన కాదు. కిరసనాయిలు, బురద కలిసిన వాసన. అయినా ముందు మన సిలిండరే అనుకుంటాం కదా, వంగి రెగ్యులేటర్ కట్టేశాను. వాసన పోలేదు. వంటింటి కిటికీ సందులోంచి వస్తోంది. చూశాను. చెట్ల వెనక చేలో నీళ్ళు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతున్నాయి. వాటిమీద నడుము ఎత్తున తెల్లటి పొగమంచులాంటిది మెల్లిగా మా ఇంటివైపే పాకుతోంది. సన్నగా బుస కొడుతున్న చప్పుడు. ఇంతసేపూ పాటలో అది కలిసిపోయింది.

లైటర్ కింద పెట్టాను. అంత మెల్లిగా ఏ వస్తువునీ నా జన్మలో కింద పెట్టలేదు.

మాతో కలిపి ఇంట్లో ఇరవైఆరుమంది, ఒకటే వీధి తలుపు, మూసిన కిటికీలు. కేకవేస్తే తొక్కుకుంటారు. హాల్లోకి వెళ్ళి వదిన చెవిలో చెప్పాను. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. లేచి నిలబడింది. పాడుతున్నావిడ భుజంమీద చెయ్యివేసి ఆపింది. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది: "వెనక గ్యాస్ లీకవుతోంది. అందరూ లేవండి. ఫోన్లు ముట్టుకోవద్దు, స్విచ్చిలు ముట్టుకోవద్దు, బళ్ళు తియ్యొద్దు. చెప్పులు వదిలేసి వీధిలోకి, కాలవ దాటి గాలికి ఎదురుగా నడవండి. పరిగెత్తద్దు." వార్డులో ఎవరికైనా హఠాత్తుగా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆవిడ అలాగే మాట్లాడేదేమో. జనం నిజంగానే నడిచారు. ఒక్క కొబ్బరి వ్యాపారి మాత్రం అలవాటుకొద్దీ మోటార్‌సైకిల్ ఎక్కి తాళం తిప్పబోయాడు. జన్మలో ఎవర్నీ గట్టిగా మందలించని మా మేష్టారు అతని చేతిమీద ఫెడీమని కొట్టి తాళం లాక్కున్నారు.

కాలవ వంతెన దాటాక నేను లెక్కపెట్టాను. ముప్పయ్యేళ్ళు పిల్లల్ని విహారయాత్రలకి తీసుకెళ్ళినదాన్ని, అది నాకు శ్వాస తీసుకోవడం లాంటిది. ఇరవైఅయిదు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవైఅయిదే. మొహాలు చూస్తూ మూడోసారి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను.

"బాబాయేడీ?" అన్నాను.

ఆయన పెరటి పాకలో ఉన్నాడు. చేనువైపు తడిక అడ్డం, ఎండు పీచు ముందు కూర్చుని ఉన్నాడు. జేబులో నేనిచ్చిన అగ్గిపెట్టె ఉంది. ఎంత అరిచినా వినపడని మనిషి.

ఎవరికీ చెప్పలేదు. వెనక్కి పరిగెత్తాను. మేష్టారు నా పేరు పెట్టి అరుస్తున్నారు. పెళ్ళయి అన్నేళ్ళలో ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదలు. వీధిగేటు నుంచి పాకదాకా వంద అడుగులుంటుంది. నాచుపట్టిన సిమెంటు దారి. ప్రతి అడుగుకీ, ఇప్పుడే, ఇప్పుడే అనిపిస్తోంది. అది వచ్చేటప్పుడు చప్పుడు ముందొస్తుందా, వెలుగు ముందొస్తుందా అని ఆలోచించాను. అప్పుడు నాకు దేవుడు గుర్తురాలేదు, పిల్లలు గుర్తురాలేదు. అగ్గిపెట్టె మాత్రమే గుర్తుంది. నేనిచ్చాను, నేనిచ్చాను అనుకుంటూ పరిగెత్తాను. మలుపులో జారి మోకాలిమీద పడ్డాను. లేచేసరికి ఆయన వీపు కనపడింది. చెయ్యి కదిలింది. పుల్ల గీసిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది.

ఏమీ కాలేదు. మందు తడిసి పుల్ల చివర రాలిపోయింది. అంత జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నా చెమటకో తేమకో మెత్తబడిపోయింది. ఆయన ఆ పుల్ల పారేసి ఇంకోటి తీశాడు. నూతిగట్టుమీద బకెట్లో నీళ్ళున్నాయి. అది ఎత్తి ఆయన నెత్తినా, డప్పుమీదా, పీచుమీదా కుమ్మరించేశాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, నీళ్ళోడుతూ, నన్ను చూసి బిత్తరపోయాడు.

"ఏటైందండీ టీచరమ్మా? నేనేం తప్పు సేసేనండీ?"

తడిక పక్కనుంచి చేనువైపు చూపించాను. పొగమంచు అప్పటికి పాకనుంచి నాలుగు చెట్ల దూరంలో ఉంది. ఆయన కాసేపు చూశాడు. చేతిలో ఉన్న పుల్లని చూశాడు. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, పెట్టె మూసి, తడినేలమీద నెమ్మదిగా పెట్టాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరు ఎవర్ని నడిపించామో తెలీదు, కాలవదాకా వచ్చాం. అక్కడ వదిన నా మోకాలు చూసి, తన చీర చెంగు చింపి కట్టు కట్టింది. అన్నేళ్ళు కట్లు కట్టిన ఆ చేతికి మూడోసారికి గాని ముడి పడలేదు.

చీకటి పడకముందే కంపెనీవాళ్ళు వచ్చి ఎక్కడో వాల్వు కట్టేశారు. పేలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అయిదురోజులు మలికిపురంలో చుట్టాలింట్లో ఉండి వచ్చాం. చేలో ఒక గది మేర వరి పసుపుబారి చచ్చిపోయింది. పైపు మార్చారు. ఆఫీసరుగారు వచ్చి, "ఇంక మీకేం భయం లేదండీ" అని చెప్పారు. ఆయన మంచి మనిషే. భయం ఆయన శాఖలో లేదని ఆయనకి తెలీదు.

రెండు నెలలు కచేరీ మాటే రాలేదు. బాబాయి ఇంట్లోంచి కదల్లేదు. నేను చూడ్డానికి వెళితే అరుగుమీద కూర్చుని ఉన్నాడు. డప్పు చూరుకి వేలాడుతోంది. అడగలేదు గాని తనే అన్నాడు.

"పుల్ల ఎలగలేదు గానండీ, ఆ ఎలుతురు నాకు రోజూ కనపడతందండి టీచరమ్మా."

నాక్కూడా కనపడుతోందని చెప్పాను. ఆయనకి వినపడిందో లేదో. తల మాత్రం ఊపాడు.

మూడోనెల వదిన చాపలు తీసి ఎండేసింది. నాకు కోపమొచ్చింది. మనుషుల్ని పిలిచి చంపబోయాం, ఇంకా బుద్ధి రాలేదా అన్నాను. ఆవిణ్ణి ఎప్పుడూ ఎదిరించనిదాన్ని ఆరోజు చాలా మాటలన్నాను. ఆవిడ అన్నీ విని, చాప దులుపుతూ అంది: "నాకు మాత్రం భయం లేదనుకున్నావటే? భయం పోయాక తలుపులు తీద్దామంటే, అది పోయేసరికి మనిద్దరం ఉండం. భయపడుతూనే తియ్యి."

పదకొండుమంది వచ్చారు. పక్కింటి రైతుగారు కొడుకుల్ని ఇంట్లో వదిలేసి ఒక్కరే వచ్చారు. కిటికీలన్నీ బార్లా తెరిచాం. ఆటోలు, కాకులు, కాలవలో బట్టలుతికే చప్పుడు, అన్నీ పాటలో కలిశాయి. బాబాయి వచ్చాడు. డప్పు పొద్దుటినుంచీ ఎండలో కాచుకుని తెచ్చుకున్నాడు. వదిన పాదం మీదినుంచి కళ్ళు తిప్పలేదు. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని మనుషుల్ని లెక్కపెడుతూ, పాట పాటకీ గాలి వాసన చూస్తూ కూర్చున్నాను. ఏం వాయించారో ఒక్కటీ నాకు తెలీదు. వెళ్ళేటప్పుడు అందరూ చాలా బాగుందన్నారు. ఆయ్, బాగుందండీ అన్నాను.

అప్పటినుంచీ నెల తప్పలేదు. మళ్ళీ పాతికమంది అవుతున్నారు. మా మేష్టారు సరదాగా అంటుంటారు, ఆ సంగతి జరిగి మూడేళ్ళయింది, ఇంక మరిచిపోవాలని. ఆయన లెక్క తప్పని నేననను. కాలం అందరికీ ఒక్కలాగే నడుస్తుందని పిల్లలకి చెప్పినదాన్ని నేనే. కానీ నాకు ఆ వంద అడుగులు పరిగెత్తడం ఇంకా పూర్తికాలేదు.