ఆట ఆగకూడదని

నాంపల్లి స్టేషన్‌లో లోకల్ రైలు కోసం కూర్చుని, ఏ గేమింగ్ లాప్‌టాప్ కొనాలా అని ఫోన్‌లో వెతుకుతున్నాను. పక్కనున్న పెద్దావిడ తొంగిచూసింది.

“రంగు లైట్లు చూడకు బిడ్డా. ర్యామ్ పెంచుకునేటట్టుండాలె, వేడి బయటికి పోవాలె. గట్లయితేనే ఐదారేండ్లు నడుస్తది.”

మీకెలా తెలుసన్నాను. సంచిలోంచి మందపాటి పాత లాప్‌టాప్ తీసింది.

“మా పిలగానిది. వాడు చనిపోయి మూడేండ్లాయె. గిప్పుడే అబిడ్స్‌ల ఫ్యాన్ మార్పించుకొస్తున్న. వాని దోస్తు రోజూ సాయంత్రం ఇండ్ల ఆన్‌లైన్ ఆటలకొచ్చి ‘ఉన్నవారా?’ అని రాస్తడు. మావాని పేరుమీద నేనే ‘ఔ’ అని రాస్త.”

“ఆ అబ్బాయికి నిజం చెప్పలేదా?”

“చెప్దామనే అడ్రసు పట్టుకొని పోయినెల బషీర్‌బాగ్ పోయిన. వాళ్లమ్మ ఏడ్చింది. గా పిలగాడు గూడ పోయి ఏడాదాయెనంట.”

“మరి రాస్తున్నదెవరు?”

“నిన్న గూడ వచ్చిండు. ఎవరని అడిగితే మళ్ల రాడేమోనని అడగలే.”

ఇంతలో రైలొచ్చింది. “వాడొచ్చే యాళ్లయింది,” అంటూ ఆవిడ సంచిని గుండెకు హత్తుకుని గబగబా ఎక్కేసింది. నేనెక్కాల్సిందీ అదే రైలు. ఎందుకో ఎక్కలేదు.

లాప్‌టాప్ ఆవిడ చెప్పినట్టే చూసి కొన్నాను, బాగానే నడుస్తోంది. ఆటలో కొత్తవాళ్లు పలకరిస్తే పలుకుతాను. ఎవరు మీరని మాత్రం ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.