యాభై అడుగుల పైపుతో గోదావరి దాటి

రాగి పైపు చుట్టను బస్సులో తీసుకెళ్లాలనుకునేవారు ఖమ్మంలో తెల్లవారగానే బయలుదేరే బస్సే పట్టుకోవాలి. పొద్దెక్కాక ఎక్కితే ఆ చుట్ట మీ ఒళ్లో కూర్చుంటుంది, మీరు ఎవరి ఒళ్లోనో కూర్చోవలసి వస్తుంది. ఇది ఒళ్లు నొప్పులతో నేర్చుకున్న పాఠం కాబట్టి ఉచితంగా చెబుతున్నాను.

నాది ఖమ్మంలో ఏసీలు బిగించే పని. మా రూతక్కను గోదావరి అవతల, దుమ్ముగూడెం దారిలో అడవి అంచున ఉన్న ఊరికి ఇచ్చాం. అక్క ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. పోయిన ఎండాకాలం ఒక పుట్టినరోజు కేకు, పిల్లవాడు కొవ్వొత్తి ఊదేలోపే క్రీము కారిపోయి బల్ల మీద కూలబడింది. ఆ రోజు నుంచి ఊరు ఆమెకు ‘పాయసం కేకు రూతమ్మ’ అని పేరు పెట్టేసింది. ఇప్పుడు అదే ఊరి చర్చిలో ఒక పెళ్లికి మూడంతస్తుల కేకు అడిగారు. అదీ మే నెలలో! ఇదీ పాయసమైతే మళ్లీ జన్మలో పిండి ముట్టనని అక్క ఫోన్లో ఏడ్చినంత పని చేసింది.

ఏసీ భద్రాచలంలో కొని ఇంటికి చేర్చుకున్నారు. పైపు మాత్రం నేను తెస్తానన్నాను. డేవిడ్ బావ కొలిచి చెప్పిన పొడవు యాభై అడుగులు. అంత పెద్ద ఇల్లు కాదే అని నాకు అనుమానం వచ్చింది. కానీ బావ లెక్కను తప్పంటే ఆయన నెలల తరబడి ఫోన్ ఎత్తడు. నోరు మూసుకుని కొన్నాను.

ఏడు దాటాక భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బస్సు నిండా ఆడవాళ్లు, వాళ్లందరికీ డబ్బుల్లేని జీరో టికెట్లు. టికెట్ కొనే ప్రాణిని చూసిన సంతోషంతో కండక్టర్ నా దగ్గరికి వచ్చి చుట్టను తడిమి చూశాడు.

“ఎంత పొడుగుంటదన్నా ఇది?”

“యాభై అడుగులు.”

“ఐదడుగుల మనిషికే ఫుల్ టికెట్ కొడతాన్నం. దీనికెన్ని కొట్టాలె చెప్పు?” అని నవ్వి, చివరికి లగేజీ కింద ఒక్కటే కొట్టాడు. మంచివాడు.

జూలూరుపాడు దాటాక పక్క సీటు పెద్దాయన మెడ వంచి నా చెవిలో అడిగాడు: “కొత్త బట్టీ పెడుతున్నవా?” సారా కాచే సరంజామా అనుకున్నాడు పాపం. ఏసీ పైపు అని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. కొత్తగూడెం స్టాండులో బస్సు కాసేపు ఆగింది. అక్కడ పూరీలు వేడిగా ఉన్నాయి, కూర నీళ్లగా ఉంది. చట్నీ అడిగి వేయించుకోండి.

పాల్వంచ దాటితే అడవి మొదలు. మోదుగ, టేకు ఆకులు రాల్చుకుని నిలబడ్డాయి, కిటికీలోంచి పొయ్యి మీది గాలి వస్తోంది. సారపాక దాటి వంతెన ఎక్కగానే బస్సులో అందరి చేతులూ గోదావరికి దండం పెట్టాయి. నా చేతులు పైపును పట్టుకుని ఉన్నాయి. దండం మనసులోనే పెట్టుకున్నాను.

భద్రాచలంలో షేర్ ఆటో. ఎదుటి సీట్లో ఇద్దరు ఆడవాళ్లు కోయభాషలో మాట్లాడుకుంటూ పైపును చూసి తెగ నవ్వారు. నాకు తెలిసింది ‘ఏసీ’ అన్న మాట ఒక్కటే. ఆటో తోలేవాడు మా అక్క ఊరివాడే. ఎవరింటికని అడిగితే రూతమ్మ ఇంటికన్నాను.

“ఏ రూతమ్మ? పాయసం కేకు రూతమ్మనా?”

“అవ్” అన్నాను. అప్పుడు ఆ పైపుతో వాడిని చుట్టచుట్టి అడవిలో దింపేయాలనిపించింది.

పన్నెండున్నరకు ఇల్లు చేరాను. అక్క చేతి చారు, ఎండుచేపల వేపుడు తిని, కొలత టేపు తీసుకుని కేకుల గదిలోకి వెళ్లాను. అది ఇంటి వెనక కొసన ఉంది. దాని గోడ అవతలే ఖాళీ స్థలం, చల్లటి వేపనీడ. మరి యాభై అడుగులు ఎందుకు? బావ నన్ను చెయ్యి పట్టుకుని వీధి గేటు దగ్గరికి తీసుకెళ్లి, దాని పక్క గోడ చూపించాడు. బట్టలారేసే తాడు విప్పి, వెనక గది నుంచి ఇక్కడి దాకా లాగి కొలిచాడట.

“ఏసీ బయటి డబ్బా ఈడ పెట్టాలె బామ్మర్దీ. రోడ్డు మీద పోయేటోళ్లకు కనబడాలె గదా. ఎనక పెడితే ఎవలు చూస్తరు? కోళ్లు చూస్తయ్!”

నాకు ఒళ్లు మండింది. పైపంటే తోరణమా! ఏసీలో కంపెనీ వాళ్లు గ్యాసు ఒక హద్దు పొడవుకు సరిపడా పోసి పంపుతారు. అంతకు మించితే మళ్లీ పోయాలి, ఆ సిలిండర్ నేను తేలేదు. పోసినా, మిట్టమధ్యాహ్నపు ఎండలో గ్యాసు అంత దూరం తిరిగొచ్చేసరికి చల్లదనంలో కొంత దారిలోనే ఖర్చయిపోతుంది. ఇదంతా చెబితే బావ కుర్చీ వేసుకుని గేటు దగ్గరే కూర్చున్నాడు. అలిగాడన్నమాట.

అక్క పిండి చేతులతో బయటికి వచ్చింది. “రేపు లగ్గంల జనం కేకును చూస్తరు గానీ నీ డబ్బాను గాదు. తమ్ముడా, నువ్వు ఎనకనే పెట్టు. గోడకు ఆనిచ్చి పెట్టు, మూరెడు పైపు చాలు!”

“అక్కా, మరీ పొట్టిగా ఉన్నా కష్టమే. డబ్బా వణుకు, రొద గదిలకే వస్తయ్. నీ కేకు మీద గులాబీలు డాన్స్ ఆడతయ్.”

“మరి ఎంతుండాలె?”

గోడ దాటి మలుపు తిరిగి, వేపనీడలో డబ్బా దాకా పైపు పన్నెండు అడుగులకు సరిపోయింది. గుర్తు పెట్టి కోయబోతుంటే బావ అలక మరిచి పరుగెత్తుకొచ్చాడు. “కోయకు! రాగి అది! మిగిలింది చుట్టజుట్టి డబ్బా ఎనక పెట్టు, రేపు ఇల్లు మారితే పనికొస్తది.” మా జిల్లాలో ఎన్ని ఇళ్లలో విన్నానో ఈ మాట. పైపు కోయమంటే చేతికున్న ఉంగరం అడిగినట్టు చూస్తారు.

“బావా, గ్యాసుతో పాటు మిషన్ నూనె కూడా ఈ పైపులో పోయి రావాలె. ఇన్ని చుట్లు పెడితే అది మేనత్త ఇంటికి పోయిన పిల్ల లెక్క, మళ్లా ఇంటిమొఖం చూడదు. నూనె లేక మిషన్ పట్టేస్తది.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను కోశాను.

పైపులు బిగించి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, నాలుగున్నరకు స్విచ్ వేశాను. అక్క గది మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తి చూసుకుంది. కాసేపటికి చెంగు భుజాల మీదుగా కప్పుకుని, “చలి పెడ్తాంది” అంది. మే నెలలో ఆ మాట ఎంత ముద్దుగా వినిపించిందో! ఆ రాత్రి అందరం ఆ గదిలోనే పడుకుందామనుకున్నాం. అక్క కేకును మాత్రమే ఉంచి తాళం వేసింది. నేను డాబా మీద మంచమెక్కాను. అక్కలు లేనివారు భద్రాచలంలో గది ముందే చెప్పి పెట్టుకోవడం మేలు.

పొద్దున లేచి వీధిలోకి వస్తే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. మిగిలిన పైపునంతా బావ గేటు పక్క గోడ మీద మేకులు కొట్టి, ఇటునుంచి అటు బారుగా బిగించాడు. దాని కొసలు దేనికీ కలిసిలేవు. పాలవాడు ఆగి మరీ చూస్తున్నాడు.

“కోసింది కోసినవ్, చూసేటోళ్లకు చూడనియ్” అన్నాడు బావ. గట్టిగా నవ్వాను, ఆయనా నవ్వాడు.

పెళ్లి అయ్యాక షామియానాలోకి కేకును ఆఖరి నిమిషంలో తెచ్చారు. నలుగురు పట్టుకుని నడుస్తుంటే అక్క పక్కనే నడిచింది, ఏడుపు ముఖంతో. బల్ల మీద పెట్టారు. పాస్టర్ గారి ప్రార్థన ఎంతకీ ముగియలేదు. దేవుడా, కొంచెం జల్దీ అని నేనూ లోపల ఒక ప్రార్థన చేశాను. చివరికి ‘ఆమెన్’ వినబడింది. కత్తి దిగింది. గులాబీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నాలుగింటికి భద్రాచలానికి అదే ఆటో దొరికింది. ఒళ్లో పైపు లేదు, కేకు ముక్కల డబ్బా ఉంది. వెనక కూర్చున్న ఒకాయన నన్ను చూపించి ఎవరీయన అని అడిగాడు.

“ఈ అన్ననా? కేకు రూతమ్మ తమ్ముడు” అన్నాడు డ్రైవర్.

‘పాయసం’ అన్న ఆ పాత మాట కూడా వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. గేరు మార్చి హారన్ కొట్టాడు, అంతే.

బస్సెక్కగానే అక్కకు ఫోన్ చేసి చెప్పాను. “ఏమన్నడు? మళ్లోసారి చెప్పు” అంది. చెప్పాను. “ఇంకోసారి” అంది. వంతెన దాటేదాకా చెబుతూనే ఉన్నాను. ఈసారి చేతులు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి, ఫోన్ భుజానికి నొక్కిపెట్టి గోదావరికి దండం పెట్టుకున్నాను.