చింతపండుతో తోమిన తూటాలు

నా మనవరాలు యాప్రాల్ నుంచి వచ్చినప్పుడల్లా ఆమె సంచిలోంచి కాలిన మందు వాసన వస్తుంది. అక్కడి షూటింగ్ రేంజిలో పిస్తోలు పోటీలకు సాధన చేస్తోంది. మొన్న ఒక ఖాళీ తూటా గొట్టం తెచ్చి నా అరచేతిలో పెట్టింది. తెల్లగా, చెవి జుంకా అంత తేలిగ్గా ఉంది. “అల్యూమినియం, నానమ్మా. ఇప్పుడు బుల్లెట్లకి కూడా రంగు కోటింగ్ వస్తోంది. నీకివన్నీ తెలీదులే,” అంది. నాకు నవ్వాగలేదు. నేను కాపురానికి వచ్చిందే తూటాల కొట్టుకి! గొట్టం అంచు చుట్టూ గోరు నడిపి చూశాను. ఆ అలవాటు మా అత్తగారిది.

ఆవిడ పేరు ఎస్తేరమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ కుటుంబం. మామగారు పోయాక రెజిమెంటల్ బజార్‌లో లైసెన్సు తుపాకుల కొట్టు ఆవిడే నడిపారు. కొట్టు ముందు, ఇల్లు వెనక. ఆవిడకొక పద్ధతి ఉండేది. కొనడానికి వచ్చినవాళ్ళ రివాల్వరు ఖాళీగా ఉందని చూసుకుని, అమ్మే ప్రతి తూటానూ అందులో వేసి చూసేవారు. తన బరువుకే అది లోపలికి జారాలి, వంచితే తనంతట తనే బయటికి రావాలి. “పడాలి, రావాలి. మధ్యలో మొరాయించే సరుకు నా కొట్లో ఉండదు,” అనేవారు. ఆ గొప్పలు వింటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇత్తడి కరువై కొన్ని తూటాలకు ఉక్కు గొట్టాలు వేశారు. తుప్పు పట్టకుండా వాటి మీద గోధుమరంగు పూత ఉండేది. అలాంటివి మా కొట్లో ఒక డబ్బాడు మిగిలాయి. పోలీసు చర్య జరిగిన ఏడు, అంటే నలభై ఎనిమిదిలో, ఈస్టర్ ముందు కొట్టు శుభ్రం చేస్తూ అత్తగారు ఆ డబ్బా తెరిచారు. “ఛీ, ఎంత మురికి పట్టాయో!” అంటూ ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు రాసి, పీచుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి తళతళలాడించారు. తోమడమంటే ఆవిడకు పిచ్చి. మా ఇంట్లో తలుపు గొళ్ళేలు కూడా మెరిసేవి.

వానలు ముదిరాక కొమరయ్య వచ్చాడు. మెదక్ వైపు వెళ్ళే బస్సుకు కాపలా మనిషి, మాకు పాత ఖాతాదారు. అప్పటికి ఊళ్ళ నుంచి రోజూ భయం కబుర్లే. ఇత్తడి సరుకు రావడం ఆగిపోయింది. మా ఆయన పనిమీద బెజవాడ వెళ్ళి, రైళ్ళు నిలిచిపోయి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళమే.

“అమ్మా, పొద్దుగాల బస్సు పోవాలె. తొవ్వల జెర గడబిడున్నది. ఆడోళ్ళు, పోరగాండ్లు ఎక్కుతుండ్రు. కార్తూసులు ఇయ్యుండ్రి,” అన్నాడు.

కొట్లో మిగిలిన తూటాలు ఆ ఉక్కువే. అత్తగారు వాటి డబ్బా తెరిచారు. పూత పోయిన ఉక్కు మీద ఎర్రటి తుప్పు. ఒకటి అతని రివాల్వర్లో వేస్తే సగంలో ఆగింది. ఇంకొకటి లోపలికి వెళ్ళి, ఎంత వంచినా రాలేదు. కడ్డీతో మెల్లగా నెట్టి తీశారు.

తప్పు వాన తేమ మీదికి నెట్టేస్తారనుకున్నాను. ఆవిడ తలెత్తి, “తప్పు నాదే కొమరయ్యా. పూతను మురికనుకున్నాను. చింతపండు పెట్టి తోమాను,” అన్నారు.

“గిట్లయితే ఎట్లమ్మా? ఒట్టి చేతులతోని పోవాల్నా?” అన్నాడు కొమరయ్య.

అత్తగారు లోపలికి వెళ్ళి మామగారి రివాల్వరు తెచ్చారు. మా ఇంటికున్న ధైర్యమంతా అదే. అందులోని ఇత్తడి తూటాలన్నీ తీసి అతని తుపాకీలో ఒక్కొక్కటే వేసి చూడసాగారు. పడ్డాయి, వచ్చాయి.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “అత్తయ్యా, మరి మనకు?”

“మనకు తలుపుంది, గడియుంది. బస్సుకేముందే?” అన్నారు.

ఆ తర్వాతి రోజులు నేను భయపడ్డాను, ఆవిడ మీద కోపం కూడా పెట్టుకున్నాను. ఆవిడ మాత్రం ఖాళీ రివాల్వరును రోజూ తుడిచి బీరువాలో పెట్టేవారు.

పోలీసు చర్య ముగిసి, రైళ్ళు నడిచి, మా ఆయన ఇల్లు చేరాక కొమరయ్య మళ్ళీ వచ్చాడు. తూటాలు బల్ల మీద పెట్టాడు. వాటిలో ఒకటి ఖాళీ గొట్టం.

“ఎవరో చెట్టు కొట్టి తొవ్వకడ్డం పెట్టిండ్రమ్మా. ఒక్కటి ఆకాశానికి పేల్చిన. ఉరికిండ్రు. బస్సుల అందరు మంచిగున్నరు. ఖాళీది సుత తెచ్చిన, మీ సొమ్ము గదా,” అన్నాడు.

అత్తగారు ఆ గొట్టం అంచు చుట్టూ గోరు నడిపి, “బాగా వచ్చింది,” అన్నారు. అంతే. దాని పక్కనే తుప్పు పట్టిన ఉక్కు తూటానొకటి అద్దాల పెట్టెలో పెట్టారు. ఎవరడిగినా, “ఇది నేను పాడుచేసింది,” అని చూపించేవారు. కొట్టుకు పేరు పోతుందని మా ఆయన గొణిగేవారు. పోలేదు సరికదా, ఆ మాట విన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చారు.

ఆవిడ తర్వాత కొట్టు చాలా ఏళ్ళు నేనే నడిపాను. ఆవిడ గొప్పలన్నీ నాకూ అంటుకున్నాయి, వాటితోపాటు తప్పును తలెత్తి చెప్పడమూ అబ్బింది.

“ఏంటి నానమ్మా, అంతసేపు చూస్తున్నావు? బాగుందా?” అంది మనవరాలు.

“గొట్టం దేనితో చేస్తేనేం, పైన ఏ రంగు పూస్తేనేం. పడాలి, రావాలి,” అన్నాను. “రాకపోతే అమ్మినవాళ్ళు నీ ముఖం చూసి తప్పు తమదని చెప్తారా? ముందు అది కనుక్కో.”