పైట మీద మైకు

ఆ సాయంత్రమే ఎర్రమంజిల్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో మా తొలి కచేరీ. చెల్లెలు వీణ, నేను పాట. మోసుకెళ్లడానికి వీలుగా చిన్న స్పీకర్ సెట్టు కొందామని మధ్యాహ్నం మావారితో పంజాగుట్టలో ఒక దుకాణానికి వెళ్లాను. కాలు నిలవడం లేదు. దుకాణం భాయ్ వాట్లు, బేస్ అంటుంటే అన్నీ తెలిసినదానిలా తలూపుతూ ప్రశ్నలు కూడా వేశాను. వైరు లేని చిన్న మైకు ఇచ్చి పాడమన్నాడు. పైటకు పెట్టుకున్నాను గానీ సిగ్గేసి, "హలో, హలో" అని ఊరుకున్నాను.

ఆలోచించుకుని వస్తామని మావారిని ఫుట్‌పాత్ మీదికి లాక్కెళ్లాను.

"ఏమండీ, ఆయన చెప్పేది నాకొక్క ముక్క అర్థం కావట్లేదండీ."

"మరి గంట నుంచి ఏం అడిగావు?"

"ఏదో ఒకటి అడక్కపోతే బాగోదని."

లోపలికి వచ్చేసరికి అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. మైకు నా పైట మీదే ఉంది.

భాయ్ మాత్రం నవ్వలేదు. "ముందే చెప్తే అయిపోతుండె గదమ్మా. వినేటోళ్లు ఎంతమంది ఉంటరు?"

"నలభై మంది," అన్నాను తల దించుకుని.

"గీ చిన్న స్పీకరే చాలు. మీ మాటలు దీంట్లకెల్లే విన్నం."

అదే కొన్నాను. ఆ గంటలో నేను నిజం మాట్లాడింది దాంట్లోనే మరి.